మళ్ళీ వెల్డింగేటి, అన్నయ్యా?

పోయిన ఏడాది పదవ తరగతి ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం నేను చీపురుపల్లి దగ్గర మా చెల్లెలి ఊరు వెళ్ళాను. ఆరాధన అయింది, అందరం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. రెండవ మేనల్లుడికి 600కి 341 మార్కులు వచ్చాయి. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకుంటావని కాపరిగారు వాడిని అడిగారు. వాడు తల దించుకొని, "ఇంటర్ కాదండీ, ఐటిఐలో వెల్డర్ ట్రేడ్‌కి వెళ్తాను" అన్నాడు.

అన్నం వడ్డిస్తున్న చెల్లెలి చేయి ఆగిపోయింది. కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూసి, "మళ్ళీ వెల్డింగేటి, అన్నయ్యా?" అంది.

ఆ మాటకు కారణం ఉంది. నాలుగేళ్ళ క్రితం దాని పెద్ద కొడుకు పట్టణంలో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో చేరాడు. మూడు నెలల కోర్సు, ఆపైన విదేశంలో ఉద్యోగం గ్యారంటీ అన్నారు. చెల్లెలు మెడలో గొలుసు బ్యాంకులో కుదువ పెట్టి రుసుము కట్టింది. ఇరవై మంది పిల్లలకు అక్కడున్నవి రెండు మెషీన్లు. రోజుకు ఒక్కొక్కరికి నాలుగు రాడ్లు ఇచ్చేవారట. నాలుగు రాడ్లంటే అయిదారు నిమిషాల పని. మిగతా పొద్దంతా గోడకు ఆనుకొని కూర్చోవడమే. చివరకు రంగురంగుల సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెట్టారు. దానిని పట్టుకొని వాడు ఓడల పని చేసే ఒక కాంట్రాక్టరు దగ్గరకు పరీక్షకు వెళ్ళాడు. నిలువుగా పెట్టిన పలకను అతికించమన్నారు. అతికించిన ముక్కను వంచితే చీలిపోయింది. విదేశం లేదు, ఉద్యోగం లేదు. ఇప్పుడు విజయనగరంలో ఆటో నడుపుతున్నాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

ఆ కేంద్రంలో చేర్చమన్నది నేనే. ముప్పై ఏళ్ళు విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పనుల్లో రాడ్డు పట్టినవాడిని. రోడ్డు మీద ఆ బోర్డు చూశాను, ఆఫీసు గదిలో కుర్చీలు చూశాను, గోడ మీది ఫొటోలు చూశాను. వెనుక షెడ్డులోకి వెళ్ళి మెషీన్లు ఎన్ని ఉన్నాయో మాత్రం లెక్కపెట్టలేదు. ఈ పత్రికలో ఈ సంగతి వ్రాయాలని కూర్చోవడానికి ముఖ్య కారణం అదే.

ప్రియ చదువరులారా, మన సంఘాలలో చేతిపని అంటే ఒక చిన్నచూపు ఉన్నదని ఒప్పుకోవాలి. నిర్గమకాండములో బెసలేలును గూర్చి ఎన్ని ప్రసంగాలు విన్నామో! లోహముతో, రాతితో, కర్రతో పనిచేసే నేర్పు దేవుని ఆత్మ వలన కలిగినదని వింటాం, ఆమేన్ అంటాం. ఇంటికి వచ్చి మన పిల్లవాడు ఐటిఐకి వెళ్తానంటే ముఖం మాడ్చుకుంటాం. యెషయా గ్రంథము 41వ అధ్యాయములో లోహం అతికేవాని ప్రస్తావన కూడా ఉంది గానీ, అది విగ్రహములు చేసేవారిని గూర్చిన మాట కనుక దానిని నేను గొప్పగా చెప్పుకోను. ఒకటి మాత్రం నిజం. అతుకు బాగున్నదా లేదా అని తట్టి చూసుకోవడం అప్పటినుండీ ఉన్నదే.

వెల్డింగ్ అంటే ఏమిటో పల్లెల్లోని మన తల్లులకు కాస్త చెప్పాలి. రోడ్డు ప్రక్క షాపులో ట్రాక్టరు తొట్టికో, కిటికీ చువ్వకో నీలపు వెలుగులో అతుకు వేయడం చూసే ఉంటారు. రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య కొద్ది సందు ఉంచితే కరెంటు ఆ సందులోనుండి దూకుతుంది. ఆ వేడికి ఇనుము అంచులు, రాడ్డు కొన ఒకేసారి కరిగి కలిసిపోతాయి. ఇనుము కరగడానికి దగ్గర దగ్గర 1,500 డిగ్రీల వేడి కావాలి. గ్యాస్ వెల్డింగ్ మంటకే 3,000 డిగ్రీలు దాటిన వేడి ఉంటుంది. కరెంటు వెలుగు దానికంటే ఎక్కువ. రాడ్డు మీద పూత ఒకటి ఉంటుంది. అది కాలి పొగయై, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడుతుంది. పైన తెట్టులా పేరుకొంటుంది. దానినే స్లాగ్ అంటారు. చల్లారాక చిన్న సుత్తితో కొట్టి రాల్చాలి. రాల్చకుండా దాని మీదనే మరో వరస వేస్తే, ఆ తెట్టు లోపలే ఉండిపోతుంది. పైకి అతుకు నున్నగా కనబడుతుంది గానీ లోపల బోలు.

విశాఖపట్నములో ఈ పనికి ఇంత గిరాకీ ఎందుకని అడిగితే, ఆ ఊరు పెరిగిన తీరే జవాబు. 1933లో ఓడరేవు తెరిచారు. 1941 జూన్ 21న డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ గారు సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతుల మీదుగా 'జల ఉష' అనే ఓడ నీళ్ళలోకి దిగింది. ఆ యార్డే తరువాత ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఇప్పటికీ ఆ వీధులను సింధియా అనే పిలుస్తారు. 1957లో నూనె శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో పెద్ద పెద్ద ట్యాంకులూ పీడన పాత్రలూ చేసే భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ ఏర్పడింది. అదే సంవత్సరం ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం జరిగింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ గారు శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. వీటికి తోడు నేవల్ డాక్‌యార్డు, రైల్వే షెడ్లు, గాజువాక ఆటోనగర్ షాపులు ఉన్నాయి. ఇవన్నీ పలకను పలకకు, గొట్టాన్ని గొట్టానికి అతికే పని మీద ఆధారపడినవే.

అయితే ఊరిలో పని ఉండడం వేరు, ఆ పనికి మన పిల్లవాడిని తీసుకోవడం వేరు. చెల్లెలికి ఆ రోజు నేను చెప్పినది ఇదే. పెద్దవాడి దగ్గర ఉన్నది కాగితం, కంపెనీ అడిగినది అతుకు. ఇంత పెద్ద కంపెనీ అయినా వెల్డర్‌ను తీసుకొనే ముందు సర్టిఫికెట్ చూసి ఊరుకోదు. ఒక పలక ఇచ్చి అతికించమంటుంది. ఆ పలకను పట్టీలుగా కోసి యంత్రంలో పెట్టి వంకీలా వంచుతారు. అతుకు మీద 3 మిల్లీమీటర్లు దాటిన చీలిక వస్తే పోయినట్టే. కొన్నిచోట్ల ఎక్స్‌రే తీస్తారు. మన ఊపిరితిత్తులకు తీసినట్టే ఇనుముకూ తీస్తారు. లోపల బుడగ ఉన్నా, తెట్టు ఉన్నా ఫిల్ములో కనబడుతుంది.

ఆ పరీక్షకూ మెట్లు ఉన్నాయి. బల్ల మీద పడుకోబెట్టిన పలకను అతకడం మొదటి మెట్టు. తరువాత అడ్డంగా, ఆ తరువాత నిలువుగా. నాలుగవది తలపైన, అంటే మెడ పైకెత్తి, నిప్పురవ్వలు మీద పడుతుండగా అతకాలి. ఆపైన గొట్టాలు. కదలకుండా 45 డిగ్రీల ఏటవాలుగా బిగించిన గొట్టం చుట్టూ అతికేదానిని సిక్స్‌-జి అంటారు. అది నెగ్గినవాడికి రిఫైనరీలోగానీ, విదేశంలోగానీ విలువ వేరు. నాకు అది మూడవసారికి గానీ రాలేదు. ఇంకొక సంగతి. ఒక కంపెనీలో నెగ్గిన పరీక్ష మరో కంపెనీకి సాధారణంగా చెల్లదు, అక్కడ మళ్ళీ చేసి చూపాలి. ఆరు నెలలు ఆ పద్ధతిలో రాడ్డు పట్టకపోతే నెగ్గినది కూడా కాలం చెల్లుతుంది.

"ఇంత పరీక్ష ఎందుకు, ఇనుమే కదా" అని కాపరిగారు అడిగారు. ఆయనకు రెండవ ప్రపంచ యుద్ధ కాలపు ఓడల సంగతి చెప్పాను. అంతకుముందు ఓడలను చాలావరకు రివెట్లతో, అంటే మేకుల వంటి బిరడాలతో బిగించేవారు. యుద్ధంలో త్వరగా కావాలని అమెరికాలో లిబర్టీ ఓడలని 2,700కు పైగా వెల్డింగ్‌తో కట్టారు. ఆ రోజుల్లోనే వెల్డింగ్‌తో కట్టిన మరో ట్యాంకరు ఓడ షెనెక్టడీ. 1943 జనవరి 16న పోర్ట్‌లాండ్ రేవులో కట్టివేసి ఉంది. తుపాను లేదు, అల లేదు. నిలబడిన చోటనే పెద్ద శబ్దం చేస్తూ దాదాపు రెండు ముక్కలైపోయింది. చలికి ఆ ఉక్కు పెళుసుబారింది. రివెట్ల ఓడలో పగులు ఒక పలక అంచుకు వచ్చి ఆగేది. అతికిన ఓడలో అన్నీ ఒకే పలక అయిపోయాయి కనుక ఆగే చోటు లేకపోయింది. అతుకులో చిన్న లోపం ఉంటే పగులు అక్కడే పుట్టి పరుగెత్తుతుంది. అది విని కాపరిగారు కొంతసేపు మాట్లాడలేదు. చెల్లెలు మాత్రం, "అయితే మా వాడు ఓడ ఇరగ్గొడతాడేటి?" అంది. అందరం నవ్వాం. అప్పటికి కోపం కొంచెం తగ్గినట్టే.

ఇక చేరడం సంగతి.

ఐటిఐ అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థ. 1950 నుండి దేశమంతటా ఈ పద్ధతి నడుస్తోంది. వెల్డర్ ట్రేడ్ ఒక సంవత్సరం. ఎనిమిదవ తరగతి పాసైతే చాలు, పద్నాలుగేళ్ళు నిండి ఉండాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటివి రెండేళ్ళు, వాటికి పదవ తరగతి కావాలి. ఎనిమిదితో చాలు కదా అని పిల్లవాడిని పది మాన్పించకండి. పది పాసైనవాడి పాస్‌పోర్టుకు వలస అనుమతి ముద్ర అక్కరలేదు. ఆ ముద్ర అవసరమైనవాడు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ఒక మెట్టు ఎక్కువ ఎక్కాలి.

మన రాష్ట్రంలో వేసవిలో పది ఫలితాల తరువాత ప్రవేశ ప్రకటన వస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. తరువాత ఏదైనా దగ్గరలోని ప్రభుత్వ ఐటిఐకి అసలు పత్రాలు తీసుకెళ్ళి సరిచూపించుకోవాలి. అది చేయకుండా ఇంట్లో కూర్చుంటే దరఖాస్తు పెట్టినా పెట్టనట్టే. ఆ తరువాత మార్కుల వరుసలో కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. మొదటి విడతలో సీటు రాకపోతే కంగారు పడనక్కరలేదు, మిగిలిన సీట్లకు మళ్ళీ విడతలు ఉంటాయి.

పత్రాల దగ్గరే మన కుటుంబాలు చిక్కుపడతాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. వీడికి బడిలో వ్రాయించినది ఒక పేరు, బాప్తిస్మపు పేరు ఇంకొకటి. ఆధార్ కార్డులో ఆ రెండూ కలిపి, ఇంటిపేరు చివర పెట్టారు. ఒకచోట సమూయేలు, ఇంకోచోట శామ్యూలు అని వ్రాయించి, అన్నీ ఒకటే కదా అనుకుంటాం. కంప్యూటరు అలా అనుకోదు. పది మార్కుల జాబితాలో ఎలా ఉందో అదే అక్షరాలతో ఆధార్ సరిచేయించుకోవాలి. అది మే నెలలో ఒక్క రోజులో కాదు. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల తల్లిదండ్రులు ఈ పత్రిక ప్రక్కన పెట్టి ఒకసారి రెండు కాగితాలూ పోల్చి చూడండి.

కుల ధ్రువపత్రం సంగతి కూడా తెలిసి ఉండాలి. షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైన కుటుంబాలు, వారి సంతానము మన రాష్ట్రంలో బి.సి. వర్గములలో 'సి' గుంపు క్రిందికి వస్తారు. గిరిజన సహోదరులకు మతము మారినందువలన ఎస్.టి. హోదా పోదు. ఆదాయ ధ్రువపత్రం కూడా ముందే తీసి ఉంచుకుంటే ఉపకార వేతనం దగ్గర పనికివస్తుంది. బదిలీ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు, ఫొటోలు చెప్పనక్కరలేదు. అన్నింటికీ మూడేసి జిరాక్సులు తీయించండి. నేను రెండు తీయించి, వానలో జిరాక్సు షాపు కోసం అర కిలోమీటరు నడిచాను.

పత్రాల తనిఖీకి మేము విశాఖపట్నం కంచరపాలెంలోని ప్రభుత్వ ఐటిఐకే వెళ్ళాం. చెల్లెలు కూడా వస్తానంది. రైలు దిగి బస్సెక్కితే కండక్టరు "ఐటిఐ జంక్షన్" అని కేక వేస్తాడు, అదే గుర్తు. కంచరులంటే కంచు పోత పోసేవారు. ఆ పేరు గల చోట ఇనుము పని నేర్పడం బాగుందని చెల్లెలికి చెప్పాను గానీ అది వినలేదు. దాని చూపంతా అక్కడి పిల్లల చేతుల మీద ఉంది. ఒక పిల్లవాడి ముంజేతి మీద మినపగింజంత కాలిన మచ్చ చూసి నా చేయి పట్టుకొంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. మీరు చేర్చేది ప్రభుత్వ ఐటిఐ అయినా, ప్రైవేటు ఐటిఐ అయినా, మరే కేంద్రమైనా, రుసుము కట్టకముందు వర్క్‌షాపు చూపించమని అడగండి. చూపించనంటే అక్కడితో వెనుదిరగండి. చూపిస్తే లెక్కపెట్టండి. మెషీన్లు ఎన్ని, వాటిలో పనిచేసేవి ఎన్ని, పిల్లలు ఎందరు? రోజుకు ఎన్ని రాడ్లు ఇస్తారో మాస్టారిని కాదు, పిల్లలను అడగండి. మూలన తుక్కు కుప్ప ఉందా చూడండి. పిల్లలు అతికి పాడుచేసిన ముక్కల కుప్ప పెద్దదిగా ఉంటే అక్కడ పని జరుగుతున్నట్టు. నేల అద్దంలా ఉంటే నాకు అనుమానమే. ప్రైవేటు ఐటిఐ అయితే ఆ ట్రేడ్‌కు కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ గుర్తింపు ఉందా అని కూడా అడగాలి. గుర్తింపు ఉన్నచోట పరీక్ష నెగ్గితే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. మూడు నెలల కేంద్రాలన్నీ మోసమని నేను అనను. ఇప్పటికే పని తెలిసినవాడు ఒక కొత్త పద్ధతి నేర్చుకోవడానికి అవి పనికివస్తాయి. రాడ్డు ఎన్నడూ పట్టని పిల్లవాడికి మాత్రం మూడు నెలలు చాలవు.

మేనల్లుడికి సీటు వచ్చింది. మల్కాపురంలో మా ఇంట్లోనే ఉండి వెళ్ళివచ్చాడు.

మొదటి వారాలు వాడికి విసుగు. రాడ్డు ఇస్తారనుకుంటే ఆకురాయి ఇచ్చి ఇనుము అరగదీయమన్నారు. రంపంతో కోయమన్నారు. తరువాత గ్యాస్ మంట. నల్ల సిలిండరు ఆక్సిజన్, ముదురు ఎరుపు సిలిండరు ఎసిటిలీన్. మన పల్లెల్లో మర బిగుసుకుంటే నూనె చుక్క వేయడం అలవాటు కదా. ఆక్సిజన్ సిలిండరు దగ్గర నూనె, గ్రీజు చేయి కూడా తగలకూడదు, అంటుకుంటుంది. ఎసిటిలీన్ సిలిండరును పడుకోబెట్టకూడదు. వీడు ఈ రెండూ రాత్రి అన్నం తింటూ నాకే పాఠం చెప్పాడు. నేను తెలియనట్టు విన్నాను.

కరెంటు రాడ్డు చేతికి వచ్చిన రోజు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "మావయ్యా, రాడ్డు అంటుకుపోతోంది" అన్నాడు. అందరికీ అంతే. రాడ్డును అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెంటనే కాస్త ఎత్తి, ఆ ఎత్తును అలాగే ఉంచాలి. రాడ్డు కరిగి పొట్టిదవుతుంటే చేయి దించుతూ పోవాలి. ఎత్తు ఎక్కువైతే చిందులు, తక్కువైతే అతుక్కుపోవడం. సరిగా ఉంటే ఉల్లిపాయలు నూనెలో వేగినట్టు ఒకే తీరున చిటపట వినబడుతుంది. కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. వాడికి పదిహేను రోజులు పట్టింది.

చెల్లెలి భయం కళ్ళ గురించి. అది తీసివేయదగిన భయం కాదు. ఆ వెలుగును వట్టి కంటితో చూస్తే అప్పటికి ఏమీ తెలియదు. అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం మొదలవుతాయి. మన ఇళ్ళల్లో బంగాళాదుంప చెక్కలు పెడతారు, తల్లిపాలు పిండుతారు. కంట్లో అలాంటివి వేయకండి. చీకటి గదిలో ఉంచి, తడిగుడ్డ మూసిన కళ్ళ మీద వేసి, తెల్లవారి కంటి వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళండి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అసలు రాకుండా ఉండాలంటే హెల్మెట్‌లో సరైన నల్ల గ్లాసు ఉండాలి. చేతి రాడ్డు పనికి 10 లేక 11 నంబరు గ్లాసు వాడతారు. ఎండకు పెట్టుకొనే చలువ అద్దాలు దీనికి పనికిరావు. నూలు బట్టలే వేసుకోవాలి. టెరిలిన్, నైలాన్ బట్ట నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. తోలు చేతితొడుగులు, తోలు బూట్లు కావాలి. చెమటతో తడిసిన బట్టలతో, తడి నేల మీద నిలబడి కరెంటు రాడ్డు మార్చడం ప్రమాదం. జింకు పూత వేసిన రేకులు అతికిన రాత్రి జ్వరం వస్తుంది, ఆ పొగ పీల్చకూడదు. పెట్రోలో డీజిలో ఉన్న పీపాను ఖాళీ అయింది కదా అని అతకబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఊళ్ళో వెల్డింగ్ షాపు పెట్టుకొనే యౌవనులు ఈ చివరి మాట మరచిపోకూడదు.

చదువు అయిన తరువాత ఏమిటి? తండ్రుల మనసులో ఇంకా పాత లెక్కే ఉంది. ఐటిఐ, ఆ వెంటనే స్టీలు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం. ఆ లెక్క ఇప్పుడు నడవదు. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని నిర్ణయం తీసుకొన్నప్పటినుండి ఉద్యోగుల ఇళ్ళలో నిద్ర లేదు. కార్మికులు ఏళ్ళ తరబడి ఉద్యమం చేశారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయ ప్యాకేజీ ప్రకటించింది. అయినా కొత్త పిల్లలు దానినొక్కటే నమ్ముకోవద్దు. ఈనాడు విశాఖలో వెల్డర్‌కు దొరికేది ఎక్కువగా కాంట్రాక్టు పని. అందుకే చేతిలోని నేర్పుకే ఎక్కువ విలువ.

నా సలహా అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టం ప్రకారం పెద్ద పరిశ్రమలు ఐటిఐ పాసైన పిల్లలను శిక్షణకు తీసుకొని నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. విశాఖలో నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు ఉంది. వ్రాతపరీక్ష పెట్టి తీసుకుంటారు, పదవ తరగతిలోనూ ఐటిఐలోనూ మార్కులు చూస్తారు. షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు, రైల్వే కూడా ప్రకటనలు ఇస్తుంటాయి. ఐటిఐలో రాడ్డు పట్టడం నేర్చుకుంటాడు. నిజమైన ఓడ అడుగున, ఇరుకులో, ఎండలో పట్టడం అక్కడే నేర్చుకుంటాడు. ఆ ఏడాది తరువాత ఉద్యోగం వస్తుందనే హామీ లేదు, ఆ మాట దాచకుండా చెప్పాలి. కానీ పరీక్ష పలక ముందు నిలబడినప్పుడు చేయి వణకదు.

విదేశం ఆశ తప్పు కాదు. మన సంఘాలలో ఎన్నో ఇళ్ళు గల్ఫ్ సంపాదనతోనే లేచాయి. అయితే పంపేవాడికి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప ఎక్కువ తీసుకోకూడదు. రెండు లక్షలు, మూడు లక్షలు అడిగినవాడిని ఆ నంబరు చెప్పమనండి. చాలామంది అక్కడే ఫోను పెట్టేస్తారు.

ఆడపిల్లలు ఈ ట్రేడ్‌లో చేరవచ్చునా అని ఒక సహోదరి అడిగారు. చేరవచ్చు, దరఖాస్తులో అడ్డు ఏమీ లేదు. స్థిరమైన చేయి, ఓర్పు ఈ పనికి కావలసినవి. మా ఇళ్ళలో అవి ఎవరికి ఎక్కువో మీకే తెలుసు.

పెద్ద మేనల్లుడు ఈ ఏడాదంతా తమ్ముడి చదువు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. క్రిస్మస్ సెలవులకు చిన్నవాడు ఊరు వెళ్తూ తాను అతికిన ముక్క ఒకటి సంచిలో పెట్టుకొన్నాడు. ఒక పలక మీద ఇంకొక పలకను నిలబెట్టి ఒకవైపు మూలన వేసిన అతుకు. ప్రార్థన అయిన తరువాత దానిని తల్లి ముందు పెట్టాడు. అది అటూ ఇటూ తిప్పి చూసి, "ఊడిపోదు కదా?" అని అడిగింది. "కొట్టి చూడమ్మా" అన్నాడు.

సుత్తి తెచ్చినది పెద్దవాడు. వాడే కొట్టాడు. రెండు దెబ్బలకు నిలిచింది. మూడవ దెబ్బకు పలక ఒరిగి అతుకు విరిగింది. చెల్లెలి ముఖం పాలిపోయింది. నాకూ మనసు కలుక్కుమంది. అన్నదమ్ములిద్దరూ మాత్రం ఆ విరిగిన ముక్కను దీపం దగ్గరకు తీసుకెళ్ళి తలలు దగ్గర పెట్టి చూశారు. అతుకు పొడవునా వెండిలా మెరుస్తోంది. మధ్యలో ఒకచోట మాత్రం చీమ తలంత నల్లటి చుక్క ఉంది.

"తెట్టు ఉండిపోయింది రా. ఇక్కడ రాడ్డు మార్చావు కదా?" అన్నాడు పెద్దవాడు.

చిన్నవాడు అవునని తల ఊపాడు. సెలవులు అయ్యాక మాస్టారికి చూపిస్తానని రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. పెద్దవాడు సుత్తి ఇంకా చేతిలోనే పట్టుకొని, ప్రవేశాల దరఖాస్తులు ఏ నెలలో వస్తాయి మావయ్యా అని నన్ను అడిగాడు.